సెకనుకు అర కిలోమీటరు పరుగు, చేరేది సెంటీమీటరు లోపే

పూజగదిలో అగరువత్తి వెలిగిస్తే ఒకటి రెండు నిమిషాల్లో హాల్లో ఉన్నవాళ్లకు వాసన తెలుస్తుంది. వ్యాపనం అంటే ఏమిటని అడిగితే బడిలో మొదట చెప్పే ఉదాహరణ ఇదే. ఆ ఉదాహరణ ముప్పాతిక మువ్వీసం తప్పు. గాలి ఏమాత్రం కదలని, నేల దగ్గరా పైకప్పు దగ్గరా ఒకే వేడి ఉన్న గదిలో, సువాసన అణువు కేవలం వ్యాపనాన్నే, అంటే తన సొంత యాదృచ్ఛిక కదలికనే నమ్ముకుని 5 మీటర్లు రావాలంటే దాదాపు రెండు వారాలు పడుతుంది. వాసనను హాల్లోకి మోసుకొచ్చింది గాలి: తిరిగే ఫ్యాను, తెరిచిన కిటికీ, మనుషుల రాకపోకలు, నిప్పు వేడికి పైకి లేచిన గాలి. వ్యాపనం చేసిందల్లా ఆఖరి మజిలీలో, ముక్కు లోపలి పలచని తడి పొర దాటించి అణువును వాసన కణానికి అందించడం.

దూరం తక్కువైతే వ్యాపనమంత చురుకైనది లేదు, దూరం పెరిగితే అంత పనికిరానిదీ లేదు. కణాలు ఎందుకంత చిన్నవో, ఒంట్లో రక్తనాళాలు ఎందుకంత దట్టంగా అల్లుకున్నాయో, డయాలసిస్‌కు నాలుగు గంటలు ఎందుకు పడుతుందో అన్నీ ఈ ఒక్క లెక్కలోంచే వస్తాయి.

అణువులు మందకొడివి కావు. గది వేడిలో గాలిలోని నైట్రోజన్ అణువు సగటున సెకనుకు 470 మీటర్ల వేగంతో, అంటే శబ్దం కంటే జోరుగా పరుగెత్తుతుంది. అయితే దాని దారి ఖాళీగా లేదు. సుమారు 70 నానోమీటర్లు వెళ్లేసరికి ఇంకో అణువును గుద్దుకుంటుంది. తల వెంట్రుక మందంలో ఇది వెయ్యో వంతు. సెకనుకు ఇలాంటి గుద్దుళ్లు 700 కోట్ల దాకా జరుగుతాయి, ప్రతి గుద్దుకూ దిక్కు మారిపోతుంది. తిరునాళ్ల జనంలో ఇరుక్కున్నవాడి కాళ్లు ఎంత ఆడినా మనిషి అక్కడక్కడే ఉన్నట్టు.

ఎంత దూరం చేరుతుందో లెక్క కట్టడానికి ఒక రూపాయి బిళ్ల చాలు. బొమ్మ పడితే కుడికి ఒక అడుగు, బొరుసు పడితే ఎడమకు ఒక అడుగు వేయండి. 100 సార్లు ఎగరేస్తే మీరు మొదలుపెట్టిన చోటికి మామూలుగా 10 అడుగుల అటూ ఇటూలో ఉంటారు. 10,000 సార్లు ఎగరేస్తే 100 అడుగుల అటూ ఇటూలో. అడుగులు వంద రెట్లు పెరిగితే దూరం పది రెట్లే పెరిగింది. చేరే దూరం అడుగుల సంఖ్యను బట్టి పెరగదు, ఆ సంఖ్య వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. 700 కోట్లకు వర్గమూలం సుమారు 84,000. దాన్ని 70 నానోమీటర్లతో గుణిస్తే 6 మిల్లీమీటర్లు. అర కిలోమీటరు నడిచిన అణువు సెకను తిరిగేసరికి బయలుదేరిన చోటి నుంచి సెంటీమీటరు దూరం కూడా పోయి ఉండదు.

ఈ గిలగిలను మొదట శ్రద్ధగా గమనించి రాసిపెట్టిన వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్. 1827లో పుప్పొడిలోంచి నీళ్లలోకి వచ్చిన సూక్ష్మ రేణువులు సూక్ష్మదర్శిని కింద ఆగకుండా కదలడం చూశాడు. జీవం వల్లేమో అనుకుని రాతి పొడితోనూ చేసి చూస్తే అదీ అలాగే ఆడింది. నీటి అణువులు అన్ని వైపుల నుంచీ గుద్దడమే దీనికి కారణమని 1905లో ఐన్‌స్టీన్ లెక్కతో సహా తేల్చాడు. ఆ లెక్క నిజమని జాన్ పెరిన్ కొలిచి చూపించాడు, ఆ కృషికి 1926లో నోబెల్ వచ్చింది. అణువులు నిజంగా ఉన్నాయా అన్న తగువు అక్కడితో తీరిపోయింది.

ఎక్కువ చోటు నుంచి తక్కువ చోటుకు అనే మాట

వ్యాపనానికి పుస్తకాల్లో ఉండే నిర్వచనం మనకు కంఠతా వచ్చు: పదార్థం ఎక్కువ గాఢత నుంచి తక్కువ గాఢతకు పోవడం. వాక్యం తప్పు కాదు గానీ, చదివినవాడి బుర్రలో తప్పు బొమ్మ గీస్తుంది. అణువుకు ఇరుకు నచ్చక ఖాళీ వెతుక్కుంటూ పోతున్నట్టు తోస్తుంది. అణువుకు పక్క గదిలో ఎంతమంది ఉన్నారో తెలియదు. దాన్ని అటు నెట్టే శక్తీ ఏదీ లేదు.

లెక్క ఇలా చూడండి. పక్కపక్కనే రెండు గదులు, మధ్యలో తలుపు. ఎడమ గదిలో 1000 అణువులు, కుడి గదిలో 100. ప్రతి సెకనుకూ ఏ గదిలోని అణువుల్లోనైనా పదో వంతు యాదృచ్ఛికంగా తలుపు దాటుతాయనుకుందాం. ఎడమ నుంచి కుడికి 100 వెళ్తాయి, కుడి నుంచి ఎడమకు 10 వస్తాయి. తేడా 90. మరుసటి సెకనుకు ఎడమ గదిలో 910, కుడి గదిలో 190. ఈసారి 91 అటు, 19 ఇటు, తేడా 72కు తగ్గింది. చివరికి రెండు చోట్లా 550 అవుతాయి. అప్పుడు కూడా సెకనుకు 55 అటు, 55 ఇటు దాటుతూనే ఉంటాయి. సమతుల్యం వచ్చాక వ్యాపనం ఆగిపోతుందని పరీక్షలో రాస్తే మార్కులు పడతాయేమో, ఆగేది మాత్రం తేడా ఒక్కటే. ఎవరికీ దిక్కు తెలియకపోయినా గుంపుకు ఒక దిక్కు ఏర్పడటం అంకెల మహిమ.

ఈ తేడాకు సూత్రం కట్టింది అడాల్ఫ్ ఫిక్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త, 1855లో. ప్రవాహం మూడింటి మీద ఆధారపడుతుంది. గాఢతల తేడా పెరిగితే ఎక్కువ, దాటే విస్తీర్ణం పెరిగితే ఎక్కువ, మధ్యలోని పొర మందం పెరిగితే తక్కువ. వీటికి తోడు ఆ అణువు ఆ మాధ్యమంలో ఎంత సులువుగా తిరగగలదో చెప్పే అంకె ఒకటి, వ్యాపన గుణకం. ఊపిరితిత్తుల వైద్యుడు, డయాలసిస్ టెక్నీషియన్, ఊరగాయ పెట్టే అమ్మమ్మ అందరూ తెలిసో తెలియకో వాడేది ఈ నాలుగింటినే.

ఇక దూరం సంగతి. ఒకే దిక్కున చూస్తే పట్టే కాలం అంటే దూరాన్ని దూరంతో గుణించి, వ్యాపన గుణకానికి రెట్టింపుతో భాగించడం. నీళ్లలో చిన్న అణువులకు ఆ గుణకం స్థూలంగా సెకనుకు 1000 చదరపు మైక్రోమీటర్లు. ఒక మైక్రోమీటరు దాటడానికి అర మిల్లీసెకను పడుతుంది. ఒక జంతుకణం వెడల్పు, అంటే 10 మైక్రోమీటర్లకు సెకనులో ఇరవయ్యో వంతు. 100 మైక్రోమీటర్లకు 5 సెకన్లు. మిల్లీమీటరుకు 8 నిమిషాల పైన. సెంటీమీటరుకు 14 గంటలు. మీటరుకు సుమారు 16 ఏళ్లు. దూరం పదింతలైన ప్రతిసారీ కాలం వందింతలవుతోంది. ఈ వరుసను గుర్తుంచుకోండి, కింద చెప్పేవన్నీ దీనికే తిరిగొస్తాయి.

ఇంట్లో కొలిచి చూడొచ్చు

గ్లాసు నీళ్లలో సిరా చుక్క వేసి వ్యాపనం చూపించడం మామూలు. అందులో కనిపించేది ఎక్కువ భాగం నీటి కదలికే. చుక్క పడిన ఊపు, సిరా బరువుకు కిందికి జారడం, చేతి వెచ్చదనంతో లేచే ప్రవాహం అన్నీ కలిసి రంగును లాగేస్తాయి. నీళ్లను కదలకుండా కట్టేయాలంటే చైనా గ్రాస్ కావాలి. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 1 నుంచి 1.5 గ్రాముల చైనా గ్రాస్ వేసి, పోగులు పూర్తిగా కరిగేదాకా మరిగించి, నిలువు గోడలున్న గాజు గ్లాసులో పోయండి. 35 డిగ్రీల చుట్టుపక్కల గడ్డకడుతుంది కాబట్టి ఫ్రిజ్ అక్కర్లేదు. రెంటచింతల ఎండల్లో చేసేవాళ్లు మాత్రం గ్లాసును చల్లటి నీళ్ల గిన్నెలో పెట్టాలి. గట్టిపడ్డాక పైన వేలెడు మందాన చిక్కటి నీలం మిఠాయి రంగు నీళ్లు పోసి, ఎండిపోకుండా మూత పెట్టండి.

గంటకు, 4 గంటలకు, 9 గంటలకు రంగు ఎంత లోతు దిగిందో స్కేలుతో కొలవండి. మొదటి గంటలో కొద్ది మిల్లీమీటర్లే దిగుతుంది. దాన్ని ఒకటి అనుకుంటే 4 గంటలకు రెండు, 9 గంటలకు మూడు దగ్గరగా రావాలి. రాకపోతే సాధారణంగా రెండు కారణాలుంటాయి. గడ్డకూ గాజుకూ మధ్య సందు ఏర్పడి రంగు అంచు వెంట జారుతుంది, గ్లాసును వేడిగా ఉన్నప్పుడు కదిపితే ఇలా అవుతుంది. లేదా కొలిచిన ప్రతిసారీ వేర్వేరు ఛాయ దగ్గర గీత గీస్తారు. రంగుకు కచ్చితమైన అంచు ఉండదు, పలచబడుతూ పోతుంది. అందుకని ఒక లేత ఛాయను కాగితం మీద గుర్తుగా పెట్టుకుని ప్రతిసారీ దాన్నే వెతకాలి. పొటాషియం పర్మాంగనేట్ వద్దు, అది చైనా గ్రాస్‌తో చర్య జరిపి మెల్లగా గోధుమ రంగుకు తిరుగుతుంది.

ఇంకో గ్లాసును ఫ్రిజ్‌లో పెట్టి పోల్చితే వేడి ప్రభావం తెలుస్తుంది. 30 డిగ్రీల దగ్గర దిగిన లోతులో 70 శాతమే 5 డిగ్రీల దగ్గర దిగుతుంది. వేడెక్కితే అణువులు జోరుగా కదులుతాయి కాబట్టి అని అందరూ చెప్పే కారణం సగం కూడా కాదు. 20 డిగ్రీల నీటిని 80 డిగ్రీలకు కాస్తే కెల్విన్‌లలో కొలిచే పరమ ఉష్ణోగ్రత 293 నుంచి 353కు, అంటే ఐదో వంతే పెరుగుతుంది. కానీ నీటి జిగట మూడో వంతు చిల్లరకు పడిపోతుంది. రెండూ కలిసి వ్యాపనాన్ని మూడు రెట్లకు పైగా పెంచుతాయి. టీపొడి చన్నీళ్లలో ఎందుకు దిగదో సగం సమాధానం ఇది. అణువు పరిమాణం కూడా లెక్కే: ద్రవంలో అణువు వ్యాసార్థం రెట్టింపైతే గుణకం సగమవుతుంది. గ్లూకోజ్ కంటే హిమోగ్లోబిన్ నీళ్లలో దాదాపు పది రెట్లు నిదానం.

గాలిలో మాత్రం కథ వేరు. ఆక్సిజన్ నీళ్లలో కంటే గాలిలో 10,000 రెట్లు ఎక్కువ గుణకంతో వ్యాపిస్తుంది. అయినా గది కొలతల దగ్గర అదీ చాలదు. వంటగ్యాసు లీకైనప్పుడు ప్రాణం మీదికి వచ్చేది ఇందుకే. ప్రొపేన్, బ్యూటేన్ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. బయటికి రాగానే నేల మీద పాకి, గ్యాస్ బండ వెనకా అలమార కిందా నిలుస్తాయి. గాలి ఆడకపోతే దాన్ని పలచబరిచే పని వ్యాపనం గంటల మీద కూడా చేయలేదు. కిటికీ ఒక్కటీ తీస్తే చాలదు, నేల మట్టం దాకా ఉండే తలుపు తీయాలి, స్విచ్ మాత్రం ముట్టుకోకూడదు. ఒకసారి గాలిలో బాగా కలిసిపోయిన గ్యాసు మళ్లీ విడివడి కిందికి దిగదు, ఆ భయం అక్కర్లేదు.

ఒంట్లో దూరాల లెక్క

బాక్టీరియాకు గుండె ఎందుకు లేదు? రెండు మైక్రోమీటర్ల పొడవున్న ఒంట్లో ఆ చివర చేరిన చిన్న అణువు ఈ చివరకు రెండు మిల్లీసెకన్లలో వస్తుంది. పంపు పెట్టినా అంతకంటే త్వరగా రాదు. కణం లోపల నీళ్లంత ఖాళీగా ఉండదన్నది నిజమే. ఈ.కొలై బాక్టీరియాలో ప్రోటీన్లు, ఆర్‌ఎన్‌ఏలు లీటరుకు 300 గ్రాముల వరకు కిక్కిరిసి ఉంటాయి. ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ అక్కడ నీళ్లలో కంటే పదకొండు రెట్లు మెల్లగా కదులుతుందని 1999లో కొలిచారు. అయినా బాక్టీరియా ఈ చివర నుంచి ఆ చివరకు పావు సెకను చాలు.

మనిషి ఒంట్లో సమస్య మొదలవుతుంది. ఆక్సిజన్ వాడుకునే ప్రతి కణానికీ సుమారు 100 మైక్రోమీటర్ల లోపల ఒక కేశనాళిక ఉండాలి. రక్తంలోంచి ఆక్సిజన్ అంత దూరం రెండు మూడు సెకన్లలో చేరుతుంది గానీ, దారిలోని కణాలు వాడేసుకుంటూ పోతాయి కాబట్టి ఇంకా దూరానికి మిగలదు. కండరం పనిచేసేటప్పుడు కేశనాళికల్లో రక్తప్రసారం ఎలా మారుతుందో చూపినందుకు డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్‌కు 1920లో నోబెల్ ఇచ్చారు. క్యాన్సర్ గడ్డల్లో రక్తనాళానికి 150–200 మైక్రోమీటర్ల అవతలి కణాలు చచ్చిపడి ఉండటం 1955 నుంచీ తెలుసు. ఆ అంచున, చావకుండా ఆక్సిజన్ కరవుతో బతికే కణాలు రేడియేషన్‌కు లొంగవు. వైద్యులకు తలనొప్పి వాటితోనే.

ఊపిరితిత్తుల్లో ఫిక్ సూత్రాన్ని అక్షరాలా చూడొచ్చు. వాయుగోణుల మొత్తం విస్తీర్ణం 70 చదరపు మీటర్లు, మన కొలతలో 84 గజాల స్థలం. గాలికీ రక్తానికీ మధ్య పొర అర మైక్రోమీటరుకు కాస్త అటూ ఇటూ. గాలి వైపు ఆక్సిజన్ పీడనం 100, వచ్చే రక్తంలో 40 మిల్లీమీటర్ల పాదరసం. ఎర్ర రక్తకణం అక్కడ ఉండేది ముప్పావు సెకనే. ఆక్సిజన్ నిండటానికి పావు సెకను సరిపోతుంది. మిగిలిన అర సెకను మనకు నిల్వ సొమ్ము. పరుగెత్తినప్పుడు రక్తం జోరెక్కి ఆ నిల్వ కరుగుతుంది. పొర వాచినా, నీరు చేరినా, గట్టిపడినా కూర్చున్న రోగికి ఆక్సిమీటరు 95 చూపించి, ఆరు నిమిషాలు నడిపిస్తే 88కి పడిపోవడం ఇందువల్లనే. కరోనా రోజుల్లో ఇళ్లలో చేయించిన నడక పరీక్ష ఈ నిల్వను కొలవడానికే.

ఆక్సిజన్ మాస్కు పొరను పలచన చేయదు, తేడాను పెంచుతుంది. పీల్చే గాలిలో ఆక్సిజన్‌ను 21 నుంచి 40 శాతానికి పెంచితే వాయుగోణుల్లో పీడనం 235 దాకా చేరుతుంది. రక్తంతో తేడా 60 ఉన్నచోట 195 అయింది, మూడు రెట్ల పైనే. కార్బన్ డయాక్సైడ్‌కు ఈ బాధ తక్కువ. నీళ్లలో అది ఆక్సిజన్ కంటే 20 రెట్లకు పైగా కరుగుతుంది, కాబట్టి 5 మిల్లీమీటర్ల తేడాతోనే బయటపడిపోతుంది. పొర మందమెక్కిన రోగిలో ముందు ఆక్సిజన్ పడిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం చాలా తర్వాతి మాట.

అన్నిటికంటే పొడవైన కణం నాడీకణం. నడుము దగ్గరి వెన్నుపాము నుంచి కాలి వేలి దాకా దాని తీగ మీటరుంటుంది. ప్రోటీన్లు తయారయ్యేది వెన్ను దగ్గర, కావలసింది వేలి దగ్గర. వ్యాపనానికి వదిలేస్తే తరాలు గడిచిపోతాయి. అందుకే కైనెసిన్ అనే ప్రోటీన్ సరుకు సంచిని వీపున వేసుకుని, అడుగుకు 8 నానోమీటర్ల చొప్పున పట్టాల మీద నడుస్తుంది. వేగపు రవాణాలో రోజుకు 400 మిల్లీమీటర్లు, మీటరుకు రెండున్నర రోజులు. అదే కణం చివర, ఇంకో కణానికి కబురు చేర్చే సందు 20 నానోమీటర్లే. అక్కడ ఏ కూలీ లేడు, రసాయనం మైక్రోసెకను లోపే దానంతటదే దాటేస్తుంది.

కణత్వచం దగ్గర

కణం చుట్టూ 4–5 నానోమీటర్ల కొవ్వు పొర. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ దాన్ని గోడ లేనట్టే దాటతాయి. నీళ్లు కొంత దాటతాయి. గ్లూకోజ్‌కు కష్టం, సోడియం పొటాషియం అయాన్లకు దాదాపు అసాధ్యం. ఎర్ర రక్తకణాల్లోంచి నీళ్లు అనుకున్నదాని కంటే చాలా జోరుగా పోవడానికి కారణం పీటర్ ఆగ్రే 1992లో తేల్చాడు: నీళ్లకోసమే ఉన్న ఆక్వాపోరిన్ అనే సన్నని దారి. ఒక్కో దారి సెకనుకు 300 కోట్ల నీటి అణువుల్ని పంపుతుంది. 2003లో ఆయనకు నోబెల్ వచ్చింది.

గ్లూకోజ్‌ను వాహక ప్రోటీన్లు దాటిస్తాయి. వాహకం ఉన్నా గాఢత తేడా మీదే నడుస్తుంది గనుక దీన్నీ వ్యాపనమనే అంటారు. ఒక్కటే తేడా, వాహకాలు లెక్కకు ఇన్ని అని ఉంటాయి, అన్నీ నిండిపోతే వేగం ఇక పెరగదు. భోజనం తర్వాత ఇన్సులిన్ చేసే ఒక ముఖ్యమైన పని కండర కణాల లోపల దాచిన వాహకాల్ని త్వచం మీదికి తేవడం. మూత్రపిండంలో గ్లూకోజ్‌ను వెనక్కి లాగే వాహకాలు వేరే రకం, అవి సోడియంను తోడు తీసుకుని ఎదురు దిక్కున కూడా లాగగలవు. వాటికీ హద్దుంది. రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే అవి చాలక మూత్రంలోకి జారుతుంది.

పొడి నుంచి కలిపే ఓఆర్ఎస్ నడిచేది ఈ సోడియం తోడు మీదే. పేగులోని వాహకం రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజ్ కలిస్తేనే లోపలికి తిప్పుతుంది, వాటి వెంట నీళ్లు వెళ్తాయి. లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు అన్న కొలత ఇందుకే. లీటరు ప్యాకెట్టును అర లీటరులో కలిపితే ద్రావణం రక్తం కంటే చిక్కనై నీళ్లను పేగులోకే లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. తీపి కూల్‌డ్రింకుతో జరిగేదీ అదే.

త్వచం గుండా నీళ్లు చిక్కటి ద్రావణం వైపు పోవడాన్ని ద్రవాభిసరణ అంటారు, ఆవకాయ కంటే మాగాయ దగ్గర అది బాగా కనిపిస్తుంది. మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి మూడు రోజులుంచితే జాడీలో ఊట నిలుస్తుంది. చుక్క నీళ్లు పోయకుండా వచ్చిన ఆ ఊటంతా కణాల్లోని నీరే. బయట ఉప్పు చిక్కగా ఉంటే నీటి అణువుల లెక్కలో బయటికి పోయేవి ఎక్కువ, లోపలికి వచ్చేవి తక్కువ. నీళ్లు తగ్గి కణాలు చచ్చాక త్వచం అడ్డు తొలగి, ఉప్పు మామూలు వ్యాపనంతో లోపలికి ఎక్కుతుంది. ఇక్కడా వర్గం లెక్కే. ముక్క మందం సగమైతే ఉప్పు ఎక్కే కాలం నాలుగో వంతు. ముక్కను తడి లేకుండా తుడవమనడం కూడా ఊరికే కాదు. తడి ఉన్నచోట ఉప్పు పలచబడి, బూజు కణాల్లోంచి నీళ్లు లాగే బలం తగ్గుతుంది. మొక్క మొదట్లో యూరియా గుప్పెడు పోస్తే ఆకులు మాడటంలోనూ ఉన్నది ఇదే: వేరు నీళ్లు పీల్చాల్సిన చోట వదులుకుంటుంది.

ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ లీటరుకు 9 గ్రాముల ఉప్పు. ఎర్ర రక్తకణానికి అది సమఉజ్జీ. అర శాతం కంటే పలచనైతే కణాలు ఉబ్బి పగలడం మొదలవుతుంది, 0.3 శాతం దగ్గరికి వస్తే దాదాపు ఒక్కటీ మిగలదు. ఉత్త డిస్టిల్డ్ వాటర్‌ను నరంలోకి ఎక్కించకూడదనేది ఇందుకే.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక్క చోట పనిచేసేది డయాలసిస్ గొట్టంలో. డయాలసిస్ అనే పేరు పెట్టింది థామస్ గ్రాహం, 1861లో, రోగుల కోసం కాదు, ద్రవాల వ్యాపనం మీద పరిశోధనల్లో. ఉద్దానం కిడ్నీ రోగులకు పలాసలోనో సోంపేటలోనో వాడే గొట్టం లోపల కూడా సుమారు పదివేల సన్నని పోగులుంటాయి. ఒక్కో పోగు లోపలి వెడల్పు 200 మైక్రోమీటర్లు, గోడల మొత్తం విస్తీర్ణం ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్లు. పోగుల్లో నిమిషానికి 300 మిల్లీలీటర్ల రక్తం ఇటు పోతుంటే, వాటి చుట్టూ 500 మిల్లీలీటర్ల శుద్ధి ద్రవం ఎదురు దిక్కున వస్తుంది. రెండూ ఒకే దిక్కున పోతే సగం దారిలోనే గాఢతలు దగ్గరపడి తేడా పోతుంది. ఎదురు దిక్కు పెడితే చివరిదాకా తేడా మిగులుతుంది. పైపులు తారుమారుగా తగిలిస్తే శుద్ధి పడిపోయేది అందుకే.

రక్తంలో పేరుకునే వ్యర్థమైన యూరియా ద్రవంలో ఉండదు, కాబట్టి అది రక్తంలోంచి వచ్చేస్తుంది. సోడియం రక్తంలో ఉన్నంతే ఉంచుతారు, అందుకే దానికి తేడా లేదు, పోదు. పొటాషియం లీటరుకు 2 మిల్లీమోల్స్ దగ్గర పెడితే 6 ఉన్న రక్తం దిగివస్తుంది. బైకార్బనేట్ ద్రవంలోనే ఎక్కువ, అది రక్తంలోకి ఎక్కుతుంది. ఎక్కువైన నీటిని మాత్రం పీడనంతో పిండుతారు. యూరియా చిన్నది, అణుభారం 60, త్వరగా పోతుంది. 11,800 అణుభారమున్న బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ మొరాయిస్తుంది, ఏళ్ల తరబడి డయాలసిస్ చేయించుకున్నవాళ్ల కీళ్లలో చేరేది అదే. కణాల లోపలి యూరియా రక్తంలోకి రావడానికీ సమయం కావాలి కాబట్టి, డయాలసిస్ అయిన అరగంట గంటలో రక్తంలో యూరియా మళ్లీ కాస్త పెరుగుతుంది. మొదటిసారి వచ్చిన రోగికి నాలుగు గంటలు పెట్టకుండా రెండు గంటలతో ఆపడం ఇంకా ముఖ్యం. రక్తంలో యూరియా ఒక్కసారిగా తగ్గి మెదడు కణాల్లో ఇంకా నిండుగా ఉంటే, ద్రవాభిసరణతో నీళ్లు మెదడులోకి చేరి తలనొప్పి, వాంతులు, ఫిట్స్ వస్తాయి.

నాలుగు గంటల్లో రోగి రక్తం పక్కనుంచి 120 లీటర్ల ద్రవం పోతుంది. మనం తాగే నీళ్లకు పేగు కాపలా ఉంది, ఈ 120 లీటర్లకు ఆ పలచని గోడ తప్ప ఏమీ లేదు, దానికీ దిక్కు తెలియదు. నీళ్లలో అల్యూమినియం మిగిలితే ఎముకల్లోకీ మెదడులోకీ చేరుతుంది. నీటి శుద్ధికి వాడే క్లోరమీన్ మిగిలితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. అందుకే డయాలసిస్ కేంద్రంలో యంత్రాల కంటే ముందు రోజూ పరీక్షించేది వెనక గదిలోని కార్బన్ ట్యాంకు, ఆర్వో ప్లాంటు దాటి వచ్చిన నీళ్లను.